లెక్కకు రాని పొట్టేలు

నగేష్ చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోంచే చెప్పాడు.

"నల్లమూతి గొర్రెకు ముక్కు కారుతున్నది. తెల్లారినకాడి నుంచి ఒకటే తుమ్ములు. తల ఇదిలిస్తున్నది."

తల్లి సోమమ్మ పెనం మీద జొన్నరొట్టె తిప్పడం మరిచిపోయింది. సరిత చేతిలోని టీ గ్లాసు మెల్లగా కింద పెట్టింది. రొట్టె మాడిన వాసన వచ్చేదాకా ఎవరూ కదలలేదు.

"ఇప్పుడు సంతోషమేనా చెల్లె?" అన్నాడు నగేష్.

పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో అందరూ భయపడుతున్నది ఆ ఒక్క కబురుకే. పారుడు రోగం గొర్రెకు మొదట ముక్కు దగ్గరే కనిపిస్తుంది. ముక్కు కారుతుంది, ఒళ్లు కాలుతుంది, నోట్లో పుండ్లు లేస్తాయి, ఆపైన విరేచనాలు, అదే పారుడు. వారం పది రోజుల్లో మంద సగమవుతుంది. ఇంటి పెద్ద బుచ్చయ్య మందలో చిన్నవీ పెద్దవీ కలిపి నూట నలభై జీవాలున్నాయి. ఆ ఇంటికి పొలం లేదు, నౌకరీ చేసేవాళ్లు లేరు. ఉన్నదల్లా కాల్వ పక్కన, కోసిన వరి మడిలో పెట్టిన ఆ మందే.

ఆ మందకు టీకా అందకుండా చేసింది బుచ్చయ్య కన్నబిడ్డ సరితేనని ఊరంతా చెప్పుకుంటోంది. అబద్ధమనడానికి కూడా లేదు.

కాల్వకు అవతల, రెండు కిలోమీటర్ల దూరంలో వేములపల్లి సరోజన మందలో రోగం దిగింది. పశువుల డాక్టర్ హరిలాల్ ఐస్ డబ్బాలో ఎనిమిది వందల జీవాలకు సరిపడా టీకా పట్టుకుని వచ్చాడు. అంతకు మించి ఒక్క బొట్టు లేదు. పక్క ఊరు కనుక తమకే ముందు వేస్తారని బుచ్చయ్య మందను ఒక దిక్కుకు తోలి సిద్ధంగా ఉంచాడు. అప్పుడు సరిత అడ్డం వచ్చింది. ఈ ఊరికి వద్దు, మాడుగులపల్లికి తీసుకుపొమ్మంది. డాక్టర్ ఆమె లాప్‌టాప్ చూసి, కాసేపు గడ్డం గోక్కుని, బండి తిప్పాడు. డబ్బా వాళ్ల మంద ముందు నుంచే పోయింది.

ఆ రోజు నుంచి బుచ్చయ్య ఇంటికి రాలేదు. తిండి మంద దగ్గరే, పడక మంద దగ్గరే. బిడ్డతో ఒక్క మాట లేదు.

"డాక్టర్‌కు ఫోన్ చేసినవా అన్నా?" అంది సరిత.

"చేసిన. మిర్యాలగూడ నుంచి బయలెల్లిండు." నగేష్ గడప మీద కూలబడ్డాడు. "పక్కింట్ల మంట లేస్తే నీళ్లు తీస్కపోయి పై ఊర్ల పోసి వచ్చినవ్. ఏం సదువే నీది?"

"మంట పక్కదాన్ని అంటుకుంటది. ఈ రోగం మూతికి మూతి తగిలితేనే అంటుకుంటది. సరోజన మంద, మన మంద ఎన్నడన్నా కలిసినయా?"

"కాల్వ దాటి ఎట్ల కలుస్తయి?"

"మరి గదే కదా నేను చెప్పేది."

"నీ సోది నువ్వే ఇను."

హైదరాబాద్‌లో సరిత చేసే గణిత పరిశోధనకు నగేష్ పెట్టిన పేరు సోది. రోగం ఒక మంద నుంచి ఇంకో మందకు ఏ దారిన పాకుతుందో కంప్యూటర్‌లో ఒక నమూనా కట్టి, ఉన్న కాస్త మందును ఎక్కడ వాడితే ఎక్కువ జీవాలు దక్కుతాయో చెప్పడం ఆమె పని. పుస్తకంలో బాగానే ఉంటుంది. సొంత ఊరికొచ్చేసరికి ఆ నమూనా నాలుగైదు రోజులు ఆమెను ఏడిపించింది.

రోగం మొదట కోదాడ దిక్కున, చిలుకూరులో పుట్టింది. అది సోమమ్మ తమ్ముడు పరశురాములు మంద. అక్కడి నుంచి అంత దూరంలోని వేములపల్లికి ఎట్లా దూకింది? మధ్య ఊళ్లలో ఒక్క గొర్రె తుమ్మలేదు. సరిత ఇరవై మూడు మందల దగ్గరికి పోయి, పరాయి జీవాలు మీ మందలోకి వచ్చాయా అని అడిగింది. రాలేదన్నారు అందరూ. ఎవరూ అబద్ధం చెప్పలేదు కూడా.

ఆ చిక్కు విప్పింది సోమమ్మ. తోటకూర గిల్లుతూ, "దేవుడి పొట్టేలు తప్ప ఇంకేమొస్తది?" అంది, అదేదో గాలీ వెలుతురూ లాంటిదైనట్టు.

బీరప్ప దేవుడికి వదిలిన పొట్టేలు అది. పరశురాములు దాన్ని సాకుతాడు కానీ ఆయనది కాదు, ఎవరిదీ కాదు. గొర్రెలు ఎదకొచ్చే రోజుల్లో దాన్ని ఆటోలో ఎక్కించి మంద మందకూ తిప్పుతాడు. ఒక్కో చోట రెండు మూడు రోజులు ఉంటుంది. దేవుడిది గనుక దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. పరాయి జీవమని ఎవరికీ తోచదు. సరిత తలపట్టుకుని నవ్వింది. అన్ని రోజుల తన పని తోటకూర కాడలతోపాటు చాటలోకి పోయింది మరి.

ఆ పొట్టేలు తిరిగిన దారిని నమూనాలో గీయగానే అన్నీ కుదిరాయి. చిలుకూరు, ఆపైన సరోజన మంద, ఆపైన మాడుగులపల్లిలో రెండు మందలు. ఆ రెంటితో కలిసి ఒకే రేవులో నీళ్లు తాగేవి ఇంకో నాలుగు. టీకా అక్కడికి పోవాలి.

"కంప్యూటర్ల వెయ్యిసార్లు ఆడించి చూసిన అన్నవు కదా," అన్నాడు నగేష్. "అండ్ల ఎన్నిసార్లు మన మంద సచ్చింది?"

సరిత కింద పెట్టిన టీ గ్లాసు మళ్లీ తీసుకుంది.

"చెప్పు."

"నూటికి ఐదారుసార్లు."

"సున్న అని ఎందుకనలే మరి?"

"సున్న ఎప్పుడూ రాదన్నా. మాడుగులపల్లికి టీకా పోకపోతే ఆడ నూటికి ఎనభైసార్లు పోతున్నయి. ఐదుకు వెయ్యాల్నా, ఎనభైకి వెయ్యాల్నా? ఉన్నది ఒక్క డబ్బా."

"ఇయ్యాల ఆ ఐదు మనకే వచ్చినట్టుంది."

ఆమెకూ అదే అనిపిస్తోంది. లెక్క తప్పు కాకపోయినా మంద పోవచ్చు. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పగలదు, తన ప్రొఫెసర్‌కు చెప్పగలదు. నూట నలభై జీవాలను పేరుపేరునా పిలిచే మనిషికి ఎట్లా చెప్పాలి?

"పొట్టేలు మన మందకు రాలేదు గనుకనే ఐదు," అంది నెమ్మదిగా. "వచ్చి ఉంటే నూటికి డెబ్బై."

"అదెట్ల వస్తది?" అంది సోమమ్మ. గొంతులో పాత బాధ. "మీ నాయిన నోట్ల నుంచి మాట పడ్డది కదా."

నిరుడు బీరప్ప పండుగలో పొట్టేలు పగ్గం పట్టుకుని ముందు నడిచే మర్యాద పరశురాములు వేరొకరికి ఇచ్చాడు. బుచ్చయ్య నలుగురి ముందూ, నీ పొట్టేలు నా మందలో కాలు పెట్టదు పో, అన్నాడు. బావ బామ్మర్దులకు మాటల్లేక ఏడాదైంది. నడుమ నలిగింది సోమమ్మే.

"ఇగ నడువుండ్రి," అందామె, రొట్టెలు గుడ్డలో చుడుతూ. "ఏదున్నా ఆడ సూద్దాం."

వాళ్లు వెళ్లేసరికి హరిలాల్ అప్పుడే బండి దిగుతున్నాడు. చిలుకూరు దగ్గరి తండాలో పుట్టినవాడు. మేకల నడుమ పెరిగాడు కనుక జీవాలను ముట్టుకోవడానికి చేతి తొడుగులు వెతుక్కోడు.

బుచ్చయ్య నల్లమూతి గొర్రెను మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని కూర్చున్నాడు. గొంగడి భుజం మీద నుంచి జారిపోయింది, చూసుకోలేదు. బిడ్డ వచ్చిందని తెలిసీ తలెత్తలేదు.

"ఎప్పటి నుంచి?" అడిగాడు డాక్టర్.

"నిన్న పొద్దుమూకి రెండు తుమ్ములు తుమ్మింది సాబ్. తెల్లారి ఎక్కువైంది."

"మేత?"

"తింటున్నది."

"పారుతున్నదా?"

"ఇంకా లేదు."

ఆ 'ఇంకా' అన్న మాటకు సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హరిలాల్ జ్వరం చూశాడు. గాజు పుల్లను ఎండకు పట్టి మళ్లీ చూశాడు. గొర్రె నోరు తెరిచి, పెదవి మడిచి, చిగుళ్ల మీద వేలు రాశాడు. నాలుక కింద చూశాడు. ఏమీ చెప్పడేమిటి ఈ మనిషి అని సరితకు కోపం వచ్చింది. నగేష్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"నోరు శుభ్రంగా ఉంది," అన్నాడు డాక్టర్ చివరికి. "జ్వరం లేదు. కొంచెం గట్టిగా పట్టుకో పెద్దాయనా, ముక్కు చూద్దాం."

ముక్కు దగ్గర వేలు పెట్టాడో లేదో, గొర్రె తల విదిలించి డాక్టర్ మొహం మీదే తుమ్మింది. ఆయన చొక్కా జేబు మీద తెల్లగా, బొద్దుగా ఒక పురుగు పడి మెల్లగా కదిలింది.

అందరూ దాన్నే చూశారు.

"ముక్కు పురుగు," అన్నాడు హరిలాల్. మొహం తుడుచుకుంటూ నవ్వాడు. "ఈగ ముక్కులో పిల్లలు పెట్టి పోతుంది. అవి లోపల పెరిగి ఇట్లా తుమ్మిస్తయి. ఒక్క సూదితో పోతయి. పారుడు రోగం కాదమ్మా, సోమమ్మా. ఏడవకు."

సోమమ్మ అప్పటికే మడిలో కూర్చుని ఏడుస్తోంది. ఏడుస్తూనే నవ్వింది. నగేష్ ఆ పురుగును చొక్కా మీద నుంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"నీ సంగతి తెల్వక పొద్దటి నుంచి మా చెల్లెను తిడుతున్న కదరా," అన్నాడు దానితో.

సరిత కంచె కర్ర పట్టుకుని నిలబడింది. ఏడవాలనీ ఉంది, ఆకలీ వేస్తోంది.

"ఇంకో కబురు కూడా తెచ్చిన," అన్నాడు హరిలాల్ సూది మందు ఎక్కిస్తూ. "నిన్న మాడుగులపల్లి పోయి వచ్చిన. పొట్టేలు తిరిగిన రెండు మందల్లో తొమ్మిది జీవాలు పోయినయి. పక్కన ఉన్న నాలుగు మందల్లో ఒక్కటంటే ఒక్కటి పోలేదు. దగ్గు కూడా లేదు. టీకా సమయానికి పడ్డది. మా పాత పద్ధతిలో పక్క ఊరు, ఆ పక్క ఊరు అని వేసుకుంటూ పోతే మాడుగులపల్లి చేరే లోపల డబ్బా ఖాళీ అయ్యేది."

"పొట్టేలో?" అంది సోమమ్మ భయంగా.

"బతికింది. దేవుడిది కదా, కొంచెం మొండిది."

నగేష్ చెల్లెలి పక్కకొచ్చి నిలబడ్డాడు. అటు చూస్తూ, "సోది అనను పో ఇగ," అన్నాడు. అతనికి క్షమాపణ అడగడం అంతకంటే రాదు.

అందరి మొహాలూ తేటపడ్డాయి, ఒక్క బుచ్చయ్య మొహం తప్ప. గొర్రెను వదిలేశాక కూడా ఆయన అట్లాగే కూర్చున్నాడు. ఇంకా కోపమేనా అని సరిత మనసు చివుక్కుమంది. మంద దక్కింది, నాలుగు మందల జీవాలు దక్కాయి. ఇంకేం కావాలి ఈయనకు?

"ఒక్కటే మిగిలింది సరితా," అన్నాడు డాక్టర్, నోటు పుస్తకం తీసి. "నువ్వు అడిగిన ఆ రాత్రి. పొట్టేలు సోమవారం నుంచి సరోజన మందలో ఉంది. గురువారం పొద్దుమూకి అక్కడి నుంచి పోయింది. మాడుగులపల్లిలో దిగింది శుక్రవారం. నడుమ గురువారం రాత్రి ఎక్కడుంది? సరోజననడిగితే, నా దగ్గర నుంచి పోయింది, ఇగ నాకు తెల్వదు అంటది."

"మామనడిగినరా?"

"మూడుసార్లు. నాకు ఎరుక లేదంటడు. మాడుగులపల్లికి ఆటోలో దించింది ఆయనే, ఎరుక లేకుండా ఎట్లుంటది? నేను కూడా నలుగుర్లో నోరు జారిన. నీ అబద్ధాల మూలంగనే ఇంత రోగం అని అన్న. తల వంచుకున్నడు కానీ నోరిప్పలేదు." హరిలాల్ నిట్టూర్చాడు. "ఆదివారం సూర్యాపేటలో గొర్రెల కాపరుల సంఘం మీటింగ్ ఉంది. లెక్క చెప్పని మనిషి చేతిలో దేవుడి పొట్టేలు ఎందుకని, పగ్గం ఆయన దగ్గర నుంచి తీసుకుంటరట."

సోమమ్మ లేచి నిలబడింది. "వాళ్ల తాత కాలం నుంచి వాళ్ల ఇంట్లనే ఉన్నది సార్ ఆ పగ్గం. వాడు సస్తడు."

"నేనేం చేయనమ్మా? ఒక్క మాట చెప్తే అయిపోయేది."

నల్లమూతి గొర్రె మళ్లీ మేతకు తల వంచింది.

"గురువారం రాత్రి పొట్టేలు గీడనే ఉన్నది," అన్నాడు బుచ్చయ్య.

గొర్రె సంగతి కాకుండా, పన్నెండు రోజుల తర్వాత ఆయన నోట సరితకు వినిపించిన మొదటి మాట అది.

"గీడనంటే?" అన్నాడు నగేష్.

"గీ మందల. నేనే పొద్దుమూకినంక పోయి సరోజనను బతిమాలి తోలుకొచ్చిన. ఎవరికీ చెప్పకని ఒట్టేయించుకున్న." ఆయన చూపు నేల మీదే ఉంది. "గొర్లు ఎదకొచ్చినయి. ఏడాది తప్పితే మంద ఏమైతది? మాటేమో ఇచ్చుకుంటి. ఒక్క రాత్రి ఉంచి పంపిస్తే ఎవరికి తెలుస్తది అనుకున్న. దేవుడిదే కదా, లెక్కకు రాదు కదా అనుకున్న."

సరిత కంచె కర్ర వదిలి తండ్రి ముందుకు వచ్చింది.

"నూటికి డెబ్బై నాయినా. అంత ఆపద కంచెల పెట్టుకొని ఊకున్నవా? డాక్టర్ సారు ముందట, మా మందకు పొట్టేలు రాలేదు అని నేను గంటసేపు చెప్పిన. నువ్వు పక్కన్నే ఉన్నవ్. నన్ను అబద్ధాలదాన్ని చేసినవ్."

"చేసిన బిడ్డా."

"ఒక్క మాట అనలేకపోయినవా?"

"నోటిదాంక వచ్చింది. నువ్వు గంత ధైర్యంగ చెప్తున్నవ్. డాక్టర్ సాబ్ నీ మాట ఇంటున్నడు. నా బిడ్డ మాట ఇంటున్నరని ఒక దిక్కు సంబరం, ఇంకో దిక్కు నా ఇజ్జత్. నోరు పెగల్లే." బుచ్చయ్య మొదటిసారి తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీ మీద కోపం గాదే. నీ మొకం సూడలేక గీడ పన్న. ఏ పొద్దు ఏ జీవానికి ముక్కు కారుతదో అని సూస్కుంట పన్న."

ఇంత కోపంలోనూ సరిత బుర్ర ఊరుకోలేదు. ఆ గురువారం రాత్రి నుంచి ఇవాళ మంగళవారానికి పంతొమ్మిది రోజులు. అంటుకుని ఉంటే ఎప్పుడో బయటపడేది.

"మరి మన గొర్లకు ఎందుకు అంటలేదు?" అంది, తనలో తాను అనుకున్నట్టు. "రాత్రంతా కలిసి తిరిగితే..."

"తిరగలే. చీకటైందని కాల్వ గట్టు మీది సర్కారు తుమ్మకు కట్టేసిన. తెల్లారినంక మందలకు ఇడుద్దామనుకున్న." ఆయన గట్టు దిక్కు చూశాడు. "ఇడువకముందే బామ్మర్ది వచ్చిండు. సరోజన ఇంటికి పోతే ఆడ లేదు. కాల్వ దాటి అడుగుల జాడ పట్టుకొని వచ్చినట్టుండు. నేను గొంగడి మొకం నిండ కప్పుకొని నిద్రపోయినట్టు పన్న. నా పక్క నుంచే పోయిండు. పొట్టేలును ఇప్పుకున్నడు. నిలవడి సూసిండు. పలకరియ్యలే, పోయిండు."

"మామకు తెలుసా?" అన్నాడు నగేష్.

"తెలుసు. ఇప్పటిదాంక ఒక్కరికి చెప్పలే. నా మాట పోతదని, తిట్లు వాడు పడ్డడు."

హరిలాల్ మెల్లగా పెన్ను మూత తీశాడు. "రాసుకోనా పెద్దాయనా?"

"రాసుకోండ్రి. పేరు కూడా రాయండ్రి. ఆదివారం సూర్యాపేటకు నేనొచ్చి చెప్త." బుచ్చయ్య లేచి నిలబడి, జారిన గొంగడిని భుజాన వేసుకున్నాడు. బిడ్డ దగ్గరికి వచ్చి, తల మీద చెయ్యి పెట్టబోయి, చేతికి గొర్రె చీమిడి ఉందని చూసి పంచెకు తుడుచుకున్నాడు. "నీ లెక్కల ఆ రాత్రి గూడ పెట్టు."

సరిత కళ్లు తుడుచుకుంది. కోపం పోయిందని చెప్పలేం. కానీ ఆ చెయ్యి తల మీదికి వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంది.

"మీ మామకు ఫోన్ కలుపు," అన్నాడు బుచ్చయ్య.

సోమమ్మ చేతిలోని రొట్టెల మూట అట్లాగే పట్టుకుని దగ్గరికి వచ్చింది. సరిత నంబరు నొక్కి ఫోన్ తండ్రి చేతిలో పెట్టింది. రెండు రింగులకే అవతల ఎత్తారు.

"ఆఁ, సరితా," అంది పరశురాములు గొంతు. అలసిపోయిన గొంతు. "చెప్పు బిడ్డా. అందరు మంచిగున్నరా?"

బుచ్చయ్య ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సరితా? ఇనవడ్తున్నదా?"

"సరిత గాదు," అన్నాడు బుచ్చయ్య. "నేను. బావను."

సోమమ్మ మొగుడి మోచెయ్యి పట్టుకుంది. ఫోన్ మీద సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. పరశురాములు పెట్టేయలేదు.